ఖజానా ఖాళీ అయిన ప్రతిసారీ ముందు కోత మనకేనా?

వేపచెట్టు
ప్రభుత్వం దగ్గర డబ్బు లేదని ప్రకటన వచ్చిన ప్రతిసారీ అదే వరస. కొత్త నియామకాలు ఆపేస్తారు, పింఛను పెంపు వాయిదా వేస్తారు, ఆసుపత్రి మందుల బడ్జెట్ తగ్గిస్తారు, బస్సు రూట్లు ఎత్తేస్తారు. "అందరం కొంచెం ఓర్చుకోవాలి" అంటారు. ఓర్చుకునేది అందరం కాదు కదా! మా అక్క పనిచేసే ఆఫీసులో రిటైరైన వాళ్ళ సీట్లు ఏళ్ళ తరబడి ఖాళీగానే ఉన్నాయి. ముగ్గురి పని ఒక్కతే చేస్తోంది. కౌంటర్ ముందు నిలబడ్డ జనం తిట్టేది ఆమెనే గానీ, ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టిన వాళ్ళను కాదు.

నిజంగా వేరే దారి ఉండదా? ఇలా కోతలు పెట్టిన దేశాలు ఏమైనా బాగుపడ్డాయా? జనం ఎదురు తిరిగిన చోట ఎక్కడైనా ఆగాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గడియారం
ఇంట్లో ఆదాయం తగ్గితే ఖర్చు తగ్గించుకోమా? ప్రభుత్వమైనా అంతే. ఈరోజు అప్పు చేసి పంచితే రేపు మన పిల్లలు కట్టాలి. మీ కోపం అర్థమవుతోంది, కానీ లెక్క లెక్కే.

పల్లేరుకాయ
పిల్లలు రేపు కట్టాలని ఈరోజు వాళ్ళ బడి మూసేస్తారన్నమాట.

లెక్కలమాస్టారు
గడియారం గారూ, ఆ ఇంటి పోలిక దగ్గరే చిక్కంతా ఉంది. మనం ఇంట్లో ఖర్చు తగ్గించుకుంటే మన జీతం తగ్గదు. ప్రభుత్వం ఖర్చు తగ్గిస్తే దాని రాబడి కూడా తగ్గుతుంది, ఎందుకంటే ప్రభుత్వం పెట్టే ఖర్చే ఇంకొకరి ఆదాయం. టీచరు జీతం కోస్తే ఆమె కొనేవి తగ్గుతాయి. ఆమెకు అమ్మేవాడి ఆదాయం పడిపోతుంది. ఇద్దరూ కట్టే పన్నూ తగ్గుతుంది.

గ్రీసు చూడండి. 2010 మేలో యూరో వాడే దేశాలు, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) కలిసి 110 బిలియన్ యూరోల అప్పు ఇస్తామన్నాయి. దానికి షరతులు జీతాల కోత, పింఛన్ల కోత, పన్నుల పెంపు. 2012లో కనీస వేతనాన్ని 22 శాతం తగ్గించారు, పాతికేళ్ళ లోపు వాళ్ళకైతే 32 శాతం. ఫలితం ఏమిటి? ఆర్థిక వ్యవస్థ దాదాపు నాలుగో వంతు కుంచించుకుపోయింది. 2013కి నిరుద్యోగం 27 శాతం. అప్పు తగ్గిందా అంటే, 2009లో జీడీపీలో 127 శాతం దాకా ఉన్నది 2014కి 180 శాతం దరిదాపులకు చేరింది. మధ్యలో 2012లో ప్రైవేటు అప్పులో పెద్ద భాగం కొట్టేశాక కూడా అంత! లెక్కలో కింద ఉండే జీడీపీ అంకే కరిగిపోతుంటే నిష్పత్తి ఎలా తగ్గుతుంది?

గడియారం
గ్రీసు లెక్కలు దాచింది. పన్నులు ఎగ్గొట్టేవాళ్ళ దేశం అది. దాన్ని చూపించి మొత్తం సిద్ధాంతమే తప్పంటే ఎలా మాస్టారూ?

లెక్కలమాస్టారు
లెక్కలు దాచింది ప్రభుత్వాలు, పన్ను ఎగ్గొట్టింది ఎక్కువగా డబ్బున్నవాళ్ళు. జీతంలోంచే పన్ను పోయే ఉద్యోగి ఎక్కడ ఎగ్గొట్టగలడు? శిక్ష మాత్రం అతనికే పడింది. అది సరే, సిద్ధాంతం గురించే మాట్లాడదాం. కోతల ప్రభావాన్ని తక్కువగా అంచనా వేశామని ఐఎంఎఫ్ వాళ్ళే రాసుకున్నారు. 2013 జనవరిలో అక్కడి ముఖ్య ఆర్థికవేత్త ఒలివియే బ్లాంషార్, డేనియల్ లీ కలిసి ఒక పత్రం వెలువరించారు. ప్రభుత్వం ఒక యూరో తగ్గిస్తే ఆర్థిక వ్యవస్థ అర యూరో తగ్గుతుందని అంచనాలు వేసేవారట. వాస్తవంలో నష్టం దానికంటే చాలా ఎక్కువని తేలింది. అదే ఏడాది జూన్‌లో గ్రీసు కార్యక్రమంపై ఐఎంఎఫ్ సొంత సమీక్ష కూడా వైఫల్యాలను ఒప్పుకుంది.

నైట్‌డ్యూటీ
నేను నర్సుని. మాస్టారు చెప్పిన అంకెలు వార్డులో ఎలా కనిపిస్తాయో చెప్తా.

పోస్టులు భర్తీ చేయరు. ఉన్నవాళ్ళను రెండు వార్డులకు వేస్తారు. ఒక రాత్రి ఒక మంచం దగ్గర సెలైన్ మార్చేలోపు ఇంకో మంచం మీద పెద్దాయన ఆక్సిజన్ మాస్క్ జారిపోయింది. వాళ్ళమ్మాయి చూసి అరిచింది కాబట్టి సరిపోయింది. ఆ అమ్మాయి లేకపోతే? తెల్లారాక రిజిస్టర్‌లో అది ఎక్కడా ఉండదు. ఖర్చు మిగిలిందని మాత్రం ఎక్కడో ఒక కాలమ్‌లో ఉంటుంది. కాంట్రాక్టు మీద వచ్చే అమ్మాయిలకు నెలల తరబడి జీతం రాదు, అయినా వస్తూనే ఉంటారు. మానేస్తే రోగులను ఎవరు చూస్తారని వాళ్ళ బాధ. ఆ మంచితనం మీదే ఈ వ్యవస్థ నడుస్తోంది. నాకు దీని మీద చాలా కోపం ఉంది.

తూనీగ
నైట్‌డ్యూటీ అక్కా, చదువుతుంటే గుండె బరువెక్కింది. మా తమ్ముడికి పుట్టుకతోనే నడుము కింద చలనం లేదు. అయినా వికలాంగుల పింఛనుకి మళ్ళీ పరీక్ష చేయించుకోమని నోటీసు వచ్చింది. అర్హులు కానివాళ్ళను ఏరేస్తారట. వాడిని మోసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఈలోగా పింఛను ఆగింది. అమ్మ కూలికి వెళ్ళడం మానేసి వాడి కాగితాల వెనకే తిరిగింది. దొంగల్ని పట్టుకోవడానికి వేసిన వలలో పడేది నడవలేనివాళ్ళేనా?

సముద్రం77
బ్రిటన్‌లో ఇదే పెద్ద ఎత్తున జరిగింది తూనీగా. 2010లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం, ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్, "మనమంతా ఒకే పడవలో ఉన్నాం" అన్న ధోరణి. 2013 ఏప్రిల్ నెల ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ నెలలోనే "బెడ్‌రూమ్ ట్యాక్స్" మొదలైంది. ప్రభుత్వ సాయంతో అద్దెకుండే వాళ్ళ ఇంట్లో ఒక గది ఎక్కువుందని తేలితే అద్దె సాయంలో 14 శాతం, రెండు గదులుంటే 25 శాతం కోత. దెబ్బ తగిలిన కుటుంబాల్లో మూడింట రెండు వంతుల ఇళ్ళలో వికలాంగులున్నారని ప్రభుత్వం సొంత అంచనాలోనే ఉంది. ఆ అదనపు గదిలో వీల్‌చైర్, ఆక్సిజన్ సిలిండర్లు పెట్టుకునేవాళ్ళు, రాత్రి సాయానికి మనిషి పడుకునేవాళ్ళు.

అదే నెలలో అత్యధిక ఆదాయం వాళ్ళ పన్ను రేటును 50 నుంచి 45 శాతానికి తగ్గించారు. 2010లో 28 శాతం ఉన్న కంపెనీల పన్ను 2017కి 19కి వచ్చింది. మరి ఖజానా ఖాళీ అన్నమాట ఎక్కడికి పోయింది?

పల్లేరుకాయ
ఒకే పడవే. తెడ్లు వేసేవాళ్ళు వేరు, అంతే.

కొత్తపలక
సముద్రం అన్నా, అలాంటప్పుడు అక్కడి జనం ఊరుకున్నారా?

సముద్రం77
లేదమ్మా. 2010 చివర్లోనే విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, యూనివర్సిటీ ఫీజుల పరిమితిని ఏడాదికి 9,000 పౌండ్లకు పెంచుతున్నారని. 2011 మార్చి 26న లండన్‌లో కార్మిక సంఘాల ఊరేగింపు చాలా పెద్దది. అయినా ప్రభుత్వం తగ్గలేదు, ఫీజులూ పెరిగాయి. బెడ్‌రూమ్ ట్యాక్స్ మీద మాత్రం గట్టిగా పట్టుబట్టారు. స్కాట్లాండ్ ప్రభుత్వం ఆ నష్టాన్ని తన నిధులతో పూడ్చింది. 2016లో సుప్రీంకోర్టు కొన్ని వికలాంగ కుటుంబాల విషయంలో అది వివక్ష అని తేల్చింది. 2018 నవంబరులో ఐక్యరాజ్యసమితి తరఫున పేదరికంపై పరిశీలనకు వచ్చిన ఫిలిప్ ఆల్‌స్టన్, పేదల మీద భారం పడకుండా చేయడం సాధ్యమే, చేయాలన్న సంకల్పమే లేదని చెప్పాడు. నేను ఆ మాట దగ్గరే ఆగుతాను. డబ్బు లేక కాదు, ఎవరి దగ్గర తీసుకోవాలో ఎంచుకున్నారు.

గడియారం
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండోవైపు కూడా చెప్తా. శ్రీలంక 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పు కట్టలేనని చేతులెత్తేసింది. డాలర్లు లేక పెట్రోలు లేదు, గ్యాస్ లేదు, మందులు లేవు, పరీక్షలకు కాగితం లేదు. అప్పుడు బాధపడింది పేదలే కదా? సమయానికి సర్దుకోకపోతే ఆ కోత మార్కెట్టే పెడుతుంది, ఇంకా క్రూరంగా. ఆ సంగతి ఎవరూ మాట్లాడరు.

లెక్కలమాస్టారు
మంచి ఉదాహరణే తెచ్చారు. అయితే అక్కడ చిల్లు ఎలా పడిందో కూడా చూడాలి. 2019 చివర్లో కొత్త ప్రభుత్వం వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి దించింది, ఇంకొన్ని పన్నులు ఎత్తేసింది. రాబడి కుప్పకూలింది. తర్వాత కోవిడ్ వచ్చి పర్యాటకం పోయింది. రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా నిషేధించి పంట పాడు చేశారు. వీటిలో ఏది పేదలకు ఎక్కువ పెట్టడం వల్ల జరిగింది? తర్వాత 2024 జనవరిలో వ్యాట్ 18 శాతం చేశారు. రేటు తగ్గించినప్పుడు ఎక్కువ లాభం ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్ళకు, పెంచినప్పుడు ఎక్కువ నొప్పి మాత్రం రోజుకూలీకి.

అప్పు అసలు వద్దని గానీ, ఎంతైనా చేయవచ్చని గానీ నేను అనడంలేదు. మంచి రోజుల్లో కూడబెట్టి, చెడ్డ రోజుల్లో ఖర్చు పెట్టమని 1937లోనే ఆర్థికవేత్త కీన్స్ రాశాడు. మనవాళ్ళు రెండూ తలకిందులుగా చేస్తారు. బాగున్నప్పుడు రాయితీలు, పడిపోయినప్పుడు కోతలు.

గడియారం
ఎరువుల నిర్ణయం పిచ్చిదే, దానికి వాదన లేదు. కానీ విదేశీ కరెన్సీలో అప్పు ఉన్న దేశానికి మీరు చెప్పినంత వెసులుబాటు ఉండదు మాస్టారూ. తన నోటు తాను అచ్చేసుకునే దేశం వేరు.

లెక్కలమాస్టారు
అది నిజం. అందుకే గ్రీసుకు అంత ఊపిరాడలేదు, యూరో దాని చేతిలో లేదు. 2012 జులైలో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు అధిపతి మారియో డ్రాగి "ఏం చేయాలో అదంతా చేస్తాం" అన్నాక వడ్డీ రేట్లు దిగడం మొదలైంది. అంటే అన్నాళ్ళూ జనాన్ని కోసింది మార్కెట్ నమ్మకం కోసమన్నారు, ఆ నమ్మకం చివరికి సెంట్రల్ బ్యాంకు ఒక్క మాటతో వచ్చింది. అదే మాట 2010లో చెప్పి ఉంటే?

పాతగొడుగు
రిటైరైన వాణ్ణి. ఇన్ని అంకెలు నా తలకెక్కవు గానీ ఒకటి చెప్తాను. నా పింఛను పెంచలేదని "కోత" అని ఎవరూ అనరు, పేపర్లో కూడా రాదు. అంకె మారలేదు కదా అంటారు. అదే అంకెతో మందుల షాపుకి వెళ్తే ఒక షీటు తక్కువ వస్తోంది. బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకునే స్నేహితులున్నారు నాకు. డాక్టరుకి చెప్పరు, కొడుక్కి అస్సలు చెప్పరు. చప్పుడు లేకుండా జరిగే కోత ఇది.

సముద్రం77
పాతగొడుగు గారూ, మీరన్నదే పెద్దది. బ్రిటన్‌లో 2016 నుంచి 2020 దాకా పనిచేసే వయసు వాళ్ళ సాయాలను పెంచకుండా ఆపేశారు. ధరలు పెరుగుతూనే ఉన్నాయి. ఏ రోజూ "ఇవాళ తగ్గించాం" అని ప్రకటన ఉండదు, ఎదురు తిరగడానికి ఒక తేదీ కూడా దొరకదు.

నైట్‌డ్యూటీ
పాతగొడుగు గారూ, దయచేసి మీ స్నేహితులకు చెప్పండి, బీపీ మాత్ర అలా మానకూడదు. డబ్బు ఇబ్బంది ఉంటే తక్కువ ధర జెనరిక్ రాయమని డాక్టరుని అడగమనండి. సిగ్గుపడే విషయం కాదిది. పక్షవాతంతో వచ్చేవాళ్ళలో ఇలాంటివాళ్ళను చూస్తుంటాను.

పాతగొడుగు
చెప్తానమ్మా. నువ్వు చెప్పావని చెప్తాను.

కొత్తపలక
వేపచెట్టు గారు మొదట్లో అడిగిన మూడో ప్రశ్నకు ఇంకా సరైన జవాబు రాలేదు. ఎదురు తిరిగితే ఆగిందా? కోతలు గెలిచిన కథలే చదివితే మాకు నీరసం వస్తోంది.

పల్లేరుకాయ
ఈ థ్రెడ్ చదివాక నాకూ అంతే. మాస్టారి పోస్టులకైతే అర రోజు సెలవు పెట్టాలి.

తుమ్మెద
ఆగిన కథలున్నాయి. ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయలేదు, ఇవాళ రాస్తాను.

పోర్చుగల్, 2012 సెప్టెంబరు. ఉద్యోగులు సామాజిక భద్రతకు కట్టే వాటాను జీతంలో 11 శాతం నుంచి 18కి పెంచి, యజమానులు కట్టే 23.75 శాతాన్ని 18కి దించుతామని ప్రధాని ప్రకటించాడు. అంటే కార్మికుడి జేబులోంచి తీసి నేరుగా యజమాని జేబులో పెట్టడం. ఎవరికీ వివరించనక్కర్లేకపోయింది. సెప్టెంబరు 15న దేశమంతా లక్షల మంది రోడ్ల మీదకు వచ్చారు, అదివరకు ఏ పార్టీ జెండా పట్టనివాళ్ళు కూడా. కొద్దిరోజుల్లోనే ప్రభుత్వం ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకుంది. రాజ్యాంగ న్యాయస్థానం కూడా ఉద్యోగుల, పింఛనుదారుల అదనపు నెల జీతాల కోత చెల్లదంది.

స్పెయిన్, మాడ్రిడ్. 2012 చివర్లో ఆరు ఆసుపత్రుల నిర్వహణను ప్రైవేటుకు ఇస్తామన్నారు. డాక్టర్లు, నర్సులు, రోగులు కలిసి తెల్లకోట్లతో నెలల తరబడి ఊరేగారు. "తెల్ల అల" అని పేరొచ్చింది. కోర్టులో కూడా కొట్లాడారు. 2014 జనవరిలో ఆ పథకం రద్దయింది, ఆరోగ్యశాఖ చూసే నాయకుడు రాజీనామా చేశాడు.

ఐర్లాండ్. బ్యాంకులను కాపాడటానికి 64 బిలియన్ యూరోలు పోసి, చివరికి జనం తాగే నీటికి మీటర్లు పెట్టారు. 2014 నుంచి వీధి వీధినా మీటర్లు బిగించనివ్వకుండా అడ్డుకున్నారు, బిల్లులు కట్టడం మానేశారు. 2017కల్లా ఆ ఛార్జీలు ఎత్తేసి, కట్టినవాళ్ళ డబ్బు వెనక్కి ఇచ్చారు.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైనది మాత్రం ఏథెన్స్ కథ. 2013లో గ్రీసు ఆర్థికశాఖ 595 మంది స్వీపర్ అమ్మలను తీసేసింది. పొదుపు అంటే అదీ, నేల తుడిచేవాళ్ళ జీతం! వాళ్ళు ఇంటికి వెళ్ళలేదు. ఎర్ర రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని ఆర్థికశాఖ ముందే బైఠాయించారు. పోలీసులు ఈడ్చేసినా తిరిగి వచ్చి కూర్చున్నారు. చాలామందికి యాభై దాటింది. 2015లో వాళ్ళను తిరిగి పనిలోకి తీసుకున్నారు.

తూనీగ
తుమ్మెద గారూ, ఎర్ర గ్లవ్స్ గురించి మా అమ్మకు చదివి వినిపించా. "వాళ్ళు ఇప్పుడు బాగున్నారా?" అని అడిగింది.

గడియారం
గ్రీసులో 2015 జులైలో అప్పిచ్చేవాళ్ళ షరతులు "వద్దు" అని 61 శాతం మంది ఓటేశారు కదా. వారం తిరగ్గానే అదే ప్రభుత్వం ఇంకో విడత షరతులు ఒప్పుకుంది. ఓటే పనిచేయనప్పుడు ధర్నాలతో ఏమవుతుంది? తుమ్మెద గారి కథలు బాగున్నాయి కానీ అవి చిన్న విజయాలు.

తుమ్మెద
చిన్నవే. నీటి బిల్లు, ఆసుపత్రి, 595 ఉద్యోగాలు. కానీ గడియారం గారూ, గమనించారా, గెలిచిన ప్రతిచోటా అడిగింది ఒక్కటే, స్పష్టంగా. "పొదుపు వద్దు" అని గాల్లో అరవలేదు. ఈ మీటరు వద్దు, ఈ ఆసుపత్రి ఇవ్వం, ఈ 7 శాతం ఒప్పుకోం. లండన్‌లో అంత పెద్ద ఊరేగింపు తర్వాత కూడా ప్రభుత్వం కదలకపోవడానికి ఒక కారణం అదేనని నా నమ్మకం. బెడ్‌రూమ్ ట్యాక్స్ మీద కొంత సాధించారంటే అది ఒక గదికి సంబంధించిన గొడవ కాబట్టే.

పోర్చుగల్ ఇంకో అడుగు వేసింది. 2015 చివర్లో వచ్చిన ఆంటోనియో కోస్టా ప్రభుత్వం జీతాలు, పింఛన్ల కోతలను క్రమంగా వెనక్కి తీసుకుంది, కనీస వేతనం పెంచింది. అయినా 2019లో బడ్జెట్ మిగులు చూపించింది, ప్రజాస్వామ్యం వచ్చాక మొదటిసారి.

గడియారం
పర్యాటకులు వచ్చారు, వడ్డీలు తగ్గాయి. పైగా కోస్టా ప్రభుత్వం రోడ్లు, రైళ్ళు, ఆసుపత్రుల మీద పెట్టుబడి బిగించింది. ఆ మిగులు అలా కూడా వచ్చింది.

లెక్కలమాస్టారు
అది న్యాయమైన విమర్శే. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల సిబ్బంది ఆ మాటే అన్నారు. కానీ జీతం, పింఛను వెనక్కి ఇస్తే దేశం దివాలా తీస్తుందని బెదిరించారు చూడండి, అది జరగలేదు.

పల్లేరుకాయ
అప్పు పూర్తిగా తీర్చేసిన దేశం కూడా ఉంది గడియారం గారూ. రొమేనియా. అక్కడి నియంత చౌషెస్కు 1980ల్లో తిండికి, కరెంటుకు, గదుల్లో వేడికి రేషన్ పెట్టి తిండి ఎగుమతి చేశాడు. 1989 ఏప్రిల్‌కి విదేశీ అప్పు మొత్తం తీరిపోయింది. డిసెంబరుకి జనం ఆయన్ని దించేశారు. లెక్క లెక్కే, కానీ లెక్కలో మనుషులు కూడా ఉండాలి.

సముద్రం77
జర్మనీ 1930-32 కూడా మర్చిపోవద్దు. ఛాన్సలర్ బ్రూనింగ్ అత్యవసర ఆదేశాలతో జీతాలు, నిరుద్యోగ భృతి కోశాడు. 1932 మొదట్లో నిరుద్యోగులు 60 లక్షలు. 1928లో 2.6 శాతం ఓట్లున్న నాజీలకు 1932 జులైలో 37.3 శాతం వచ్చాయి. అదొక్కటే కారణమని నేను అనను, కానీ ఆకలి మీద ఉన్నవాడికి కోపం ఎటు చూపించాలో చెప్పేవాడు ఎవడో ఒకడు వస్తాడు. ఎవడొస్తాడో మన చేతిలో ఉండదు. అందుకే దీన్ని ఆర్థికవేత్తల గొడవగా వదిలేయడం నాకు భయం.

కొత్తపలక
కెన్యా సంగతి నేను చెప్తా, మా వయసువాళ్ళు చేసింది కాబట్టి. 2024 జూన్‌లో అప్పుల భారం, ఐఎంఎఫ్ షరతుల మధ్య పన్నులు పెంచే బిల్లు తెచ్చారు. కుర్రాళ్ళు బిల్లును సులువైన భాషల్లోకి మార్చి ఫోన్లలో పంచారు, ఏ క్లాజు ఎవరి మీద పడుతుందో విడమరిచి. జూన్ 25న పార్లమెంటు దాకా వెళ్ళారు. పోలీసులు కాల్చారు, ఆ నిరసనల్లో పదుల మంది చనిపోయారు. మర్నాడు అధ్యక్షుడు రూటో సంతకం చేయనని ప్రకటించాడు. ప్రాణాలు పోయాక ఆగింది. దాన్ని విజయం అని రాయడానికి నాకు చేయి రావడంలేదు.

నైట్‌డ్యూటీ
రాయకు చెల్లీ. పేరు పెట్టనక్కర్లేదు.

వేపచెట్టు
అందరికీ థాంక్స్. గడియారం గారికి కూడా, ఆయన అడ్డు చెప్పకపోతే సగం విషయాలు బయటికి వచ్చేవి కావు. తుమ్మెద గారు చెప్పిన "ఒక్కటే, స్పష్టంగా" అన్నది పట్టుకుంటాను.

గడియారం
నేను ఇప్పటికీ అప్పును తేలిగ్గా తీసుకోకూడదనే అంటాను. కానీ కోత పెట్టే ముందు, వదులుకుంటున్న పన్నుల లెక్క జనం ముందు పెట్టాలి. అందులో నేను మీతోనే ఉన్నా.

కొత్తపలక
మాస్టారూ, కెన్యా కుర్రాళ్ళలా మేమూ బడ్జెట్ చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఫైల్ తెరిస్తేనే టెన్షన్ వస్తోంది.

లెక్కలమాస్టారు
ప్రసంగం చదవకమ్మా, పట్టికలు చదువు. ముందు ఒక్క శాఖ పట్టుకో, ఆసుపత్రులో బడులో. ప్రతి పద్దుకీ సాధారణంగా మూడు అంకెలుంటాయి. పోయినేడాది కేటాయించింది, సవరించింది, ఈ ఏడాది కేటాయించేది. వాటితో పాటు నిజంగా ఖర్చయింది ఎంతో తర్వాతి ఏడాది పత్రాల్లో వస్తుంది. కేటాయింపుకీ ఖర్చుకీ మధ్య తేడా ఎక్కువుంటే చప్పుడు లేకుండా కోత పడినట్టే. తర్వాత ధరల పెరుగుదలతో పోల్చు, పాతగొడుగు గారి మందుల షీటు అక్కడ కనిపిస్తుంది. పన్ను రాయితీల వల్ల వదులుకున్న రాబడిని చాలా ప్రభుత్వాలు విడిగా పట్టికలో ఇస్తాయి. దొరక్కపోతే రాతపూర్వకంగా అడుగు. మొదటి శాఖ అయ్యాక ఇక్కడే పెట్టు, కలిసి చూద్దాం.

నైట్‌డ్యూటీ
కొత్తపలకా, ఆసుపత్రుల పద్దు తీసుకో. మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని అన్నది మా సంఘం దగ్గర ఉంది. ఈ వారంలో పంపిస్తా.